రంగు డబ్బా దరువు

11 సెప్టెంబర్ 1980

మా కార్ల ఫ్యాక్టరీలో పద్నాలుగు వేలమందిని తీసేస్తారట. పొద్దున రేడియోలో చెప్పారు. వింటూ నిలబడి కాఫీ గిన్నె పొయ్యి మీదే మర్చిపోయాను. సవేరియో లేచి వచ్చి, పొయ్యి కట్టేసి, కిటికీ తెరిచి, "మాడు వాసన" అన్నాడు. అంతే. పద్నాలుగు వేలమంది ఉద్యోగాలు ఊడుతుంటే మా ఆయనగారి ముక్కుకి తగిలింది అది.

అనకూడదు కూడా లెండి. ఆయన ఫోర్‌మన్ అయిన రోజున ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. ఈ గడప లోపల ఫ్యాక్టరీ మాట ఎత్తకూడదు. లైను మీద ఆయన ఫోర్‌మన్, నేను సీట్లు కుట్టేదాన్ని. ఇంట్లో మాత్రం మొగుడూ పెళ్ళాం. మూడేళ్ళుగా బాగానే నడుస్తోంది.

కాని కడుపులో మాట ఎక్కడో ఒకచోట కక్కాలి కదా. సిగరెట్ల కొట్లో ఈ పుస్తకం కొన్నాను. గీతల కాగితం. అట్ట మీద బాతు బొమ్మ. పెద్దవాళ్ళవి అయిపోయాయన్నాడు.

12 సెప్టెంబర్

సమ్మె. ఐదో గేటు దగ్గర పొయ్యి పెట్టాం. ఎండ బాగుంది.

15 సెప్టెంబర్

బీరువా మీది నుంచి డప్పు దించాను. లోపల సాలీడు సంసారం పెట్టుకుంది. నోటీసిచ్చి ఖాళీ చేయించాను.

డప్పంటే కార్లకు వేసే రంగు వచ్చే రేకు డబ్బా. సవేరియో దానికి రెండు చెవులు అతికించి, సీటు బెల్టు ముక్క తగిలించి, మెడలో వేసుకునేవాడు. మొదట స్పానరుతో కొట్టేవాడు. డబ్బా చొట్టలు పోతోందని తర్వాత చెక్క పిడికి గుడ్డ చుట్టాడు. ఆ గుడ్డ ఇంకా అలాగే ఉంది. వాసన చూశాను. చూడనా మరి, చూడకుండా ఉంటానా.

అది అరవై తొమ్మిదో సంవత్సరం. ఇటలీ దక్షిణాన చెరిన్యోలా నుంచి ఉత్తరాన ఈ టురిన్‌కి వచ్చి నాకు ఏడాది కాలేదు. గది అద్దెకు అడగబోతే తలుపు మీదే బోర్డు, దక్షిణాది వాళ్ళకు ఇవ్వబడదు అని. ఫ్యాక్టరీలో మాట్లాడితే జీతంలో కోత. ఒంటేలుకు వెళ్ళాలంటే చెయ్యెత్తి ఎవరో వచ్చి మన చోట నిలబడేదాకా ఉగ్గబట్టుకోవాలి. ఒక మధ్యాహ్నం రంగుల షాపు, అంటే కార్లకు రంగులేసే విభాగం, వైపు నుంచి చప్పుడు మొదలైంది. ఏ మిషనో విరిగిందనుకున్నాను. దడ్ దడ్ దడ్ దడాం. తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో వందల గొంతులు ఒక్కసారి "హోయ్!" మళ్ళీ దడ్ దడ్ దడ్ దడాం. మా సూపర్‌వైజరమ్మ "కూర్చోండి, కూర్చోండి" అంటూనే ఉంది. నేను దారం పంటితో కొరికి లేచాను. నా పక్క మిషను నూన్సియా లేచింది. ఆ తర్వాత ఎవరు ముందు లేచారో ఎవరు వెనకో తెలియదు.

ముందు నడిచేవాడు సన్నగా ఉన్నాడు. పెద్ద చెవులు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. నన్ను చూసి, "రా పిల్లా. గొంతు పెద్దదేనా?" అన్నాడు.

"నీ చెవులకన్నా పెద్దదే" అన్నాను.

అప్పటినుంచి నేను పిల్లనే. నలభై రెండేళ్ళొచ్చినా పిల్లనే.

ఒక షాపు నుంచి ఇంకో షాపుకి అలా నడిచేవాళ్ళం. పని ఆపమని ఎవర్నీ అడిగేవాళ్ళం కాదు. డప్పు మోగుతుంది, ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలో అరిచినవాడు మనవాడు. సభ్యత్వం అదే, చందా అదే. యూనియన్ పెద్దలు వెనక నుంచి రొప్పుతూ పరిగెత్తుకొచ్చి "ఆగండి, ముందు చర్చిద్దాం" అనేవాళ్ళు. మేం ఆగితే కదా! యూనివర్సిటీ పిల్లలు గేటు బయట కాచుకుని "కామ్రేడ్, కార్మికవర్గం ఏమంటోంది?" అని అడిగేవాళ్ళు. "కాళ్ళు నొప్పులంటోంది" అనేవాడు సవేరియో. వాళ్ళు అదీ రాసుకునేవాళ్ళు!

లైను వేగం తగ్గించాం. అందరికీ సమానంగా జీతం పెంచుకున్నాం. చెయ్యెత్తకుండా ఒంటేలుకు వెళ్ళాం. ఎంత బాగుండేవి ఆ రోజులు. తిండి లేదు, నిద్ర లేదు, అయినా ఎంత బాగుండేవి.

18 సెప్టెంబర్

గేటు దగ్గర సంత లాగుంది. ఒకళ్ళు పేకాట, ఒకళ్ళు పొయ్యి, ఒక మూల పిల్లలకి పాఠాలు. ముసలి వెల్డరు బత్తిస్తా నా డప్పు చూసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన ఈ ఊరివాడే, అసలు సిసలు పియెమొంతే మనిషి. మొదట్లో మా దక్షిణాది వాళ్ళని చూస్తే మొహం తిప్పుకునేవాడు. ఇప్పుడు నన్ను చెల్లెమ్మా అంటాడు.

"చెల్లెమ్మా, దీని యజమాని ఎలా ఉన్నాడు?"

"ఇంట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాడు."

"ఫోర్‌మన్‌గారి చేత చెక్కు తీయిస్తున్నావా! విప్లవం నీ ఇంటికి వచ్చిందన్నమాట" అని పడీ పడీ నవ్వాడు.

నేనూ నవ్వాను. నిజానికి ఆయనకి ఇప్పుడు చేయడానికి ఏముంది? గేటు మూసినవాళ్ళలో నేనున్నాను. బయట మిగిలినవాళ్ళలో ఆయనున్నాడు. వంట బాగా చేస్తున్నాడు. ఉప్పు కాస్త ఎక్కువ.

23 సెప్టెంబర్

రోజంతా వాన. టార్పాలిన్ కింద పాత ముచ్చట్లు. ఎవరెవరు పోయారు, ఎవరెవరు జైల్లో ఉన్నారు అని మొదలైతే పొయ్యి చుట్టూ మాటలు తగ్గిపోయాయి. కరపత్రాలు రాసిపెట్టిన గడ్డం మేష్టారు నిరుడు ఏప్రిల్‌లో లోపలికి వెళ్ళాడు, ఇంకా విచారణే లేదు. కొందరు తుపాకులు పట్టుకుని మాయమయ్యారు. వాళ్ళు మనవాళ్ళు కారు అని మేం అరిచాం, కరపత్రం వేశాం. కాని అవతలి షాపు ఫోర్‌మన్‌ను పొద్దున్నే ఇంటి ముందు మోకాళ్ళ మీద కాల్చినప్పుడు మా ఆయన వారం రోజులు రోజుకో దారిన పనికి వెళ్ళాడు. ఒప్పందం తప్పి ఒకే ఒక్క మాట అడిగాడు. "అస్సుంతా, ఆ కుర్రాళ్ళకి దరువు నేర్పింది ఎవరు?"

మేం కాదు అన్నాను. మేం కాదు.

అసలు ఆయన ఫోర్‌మన్ ఎందుకయ్యాడంటే నడుము. లైను మీద వంగి వంగి ఇరవై ఏళ్ళ పనికే వెన్ను అరిగిపోయింది. అంతే. ఇంకేం లేదు.

27 సెప్టెంబర్

రోమ్‌లో ప్రభుత్వం పడిపోయింది! తీసివేతలు ఆపేశారు! గేటు దగ్గర నూన్సియా నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. అది నాకన్నా చిన్నగా ఉంటుంది, ఎలా ఎత్తిందో. డప్పు వాయించీ వాయించీ చెయ్యి వాచింది.

ఇంటికి వస్తే సవేరియో వైన్ సీసా తెరిచి ఉంచాడు. రెండు గ్లాసులు. చూశారా! మనిషి మారలేదు. పైకి బెల్లంకొట్టిన రాయిలా ఉంటాడు గాని, లోపల మనవాడే.

"ఇక గేట్లు తెరుస్తారుగా" అన్నాడు.

ఒప్పందం గుర్తు చేశాను. తల ఊపి గ్లాసు నింపాడు.

1 అక్టోబర్

తీసివేతలు ఆపి లేఆఫ్ అన్నారు. పేర్లు గోడకి అంటించారు. నాది ఉంది. నూన్సియాది ఉంది. బత్తిస్తాది ఉంది. వరసగా చదువుతుంటే మొదటి రోజు కుర్చీల్లోంచి లేచినవాళ్ళ హాజరు పిలిచినట్టుంది.

మూడు నెలలేనట. తర్వాత మళ్ళీ పిలుస్తారట. నమ్మినవాళ్ళు కూడా ఉన్నారు.

సవేరియోకి చెప్పలేదు. ఒప్పందం ఒప్పందమే. కాని ఇంటికి రాగానే బల్ల మీద సోపు గింజలు వేసిన తరాల్లి చేగోడీల పొట్లం ఉంది. మా ఊరివి. ఆ కొట్టు ఊరికి అవతలి చివర. తెలిసిపోయింది ఆయనకి.

ఒక్కటి కూడా తినబుద్ధి కాలేదు. తర్వాత అన్నీ తినేశాను.

6 అక్టోబర్

ఈరోజు ఫోర్‌మన్లు గుంపుగా గేటు దగ్గరికి వచ్చారు, లోపలికి పోతామని. పది పన్నెండు మంది. వాళ్ళలో సవేరియో. పొద్దున నాకు చెప్పకుండా వచ్చాడు.

మా వాళ్ళంతా నా వైపు చూశారు. నేను పోయి గేటుకి వీపు ఆనించి నిలబడ్డాను.

"పిల్లా, పక్కకి జరుగు" అన్నాడు మెల్లగా.

"పిల్ల ఇంట్లో ఉంది. ఇక్కడున్నది గేటు."

మా వాళ్ళు ఈలలు వేశారు. బత్తిస్తా, "అయ్యా ఫోర్‌మన్‌గారూ, ఇంట్లో ఎలాగూ లోపలికి రానిస్తోందిగా, దాంతో సరిపెట్టుకోండి!" అన్నాడు. ఎంత నవ్వారో. సవేరియో కూడా నవ్వాడు. చూశాను, పెదవి ఈ పక్క కదిలింది.

సాయంత్రం సూప్ చేశాడు. ఉప్పు లేదు. మర్చిపోయాడనుకుంటా.

9 అక్టోబర్

ఫోర్‌మన్లు, ఆఫీసు వాళ్ళు ఏదో కూడబలుక్కుంటున్నారట. ఆయన వాళ్ళతో కలవడు.

12 అక్టోబర్, ఆదివారం

గోధుమరంగు కోటు బయటికి తీసి బాల్కనీలో దులిపాడు. మా మరిది పెళ్ళికి కుట్టించింది. "మంగళవారం పనుంది. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెడతావా?" అన్నాడు.

పళ్ళ డాక్టరు దగ్గరికి అయుంటుంది. కొన్నాళ్ళుగా ఎడమ దవడ పట్టుకుంటున్నాడు. లేదా నోటరీ దగ్గరికేమో, వాళ్ళ నాన్న పొలం గొడవ ఒకటి ఉందిగా.

చొక్కా బాగా వచ్చింది. కాలరుకి గంజి కూడా పెట్టాను.

13 అక్టోబర్

ఆయన వాళ్ళతో కలవడు. అరవై తొమ్మిదిలో ఆ డప్పు కొట్టినవాడు కలవడు.

14 అక్టోబర్

వరసగా రాయాలి. లేకపోతే రాయలేను.

పొద్దున పొయ్యి దగ్గర ఉన్నాం. ట్రామ్ డ్రైవరొకడు బండి ఆపి కేకేశాడు: "ఊళ్ళో ఊరేగింపు! మహా ఊరేగింపు! వేలూ వేలూ! ట్రాములన్నీ ఆగిపోయాయి!"

బత్తిస్తా టోపీ గాల్లోకి ఎగరేశాడు. "చెప్పానా! ఊరంతా లేచింది మన కోసం!" అన్నాడు. ఒక్కరికీ, నిజంగా ఒక్కరికీ అనుమానం రాలేదు. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో వేలమంది నడిచారంటే అది మేమే. ఇంకెవరు నడుస్తారు? నడవడం మా పని. నూన్సియా అన్నిటికన్నా పెద్ద గుండిగ ఎక్కించింది. "వచ్చేవాళ్ళు ఆకలి మీద ఉంటారు, ఉన్న పాస్తా అంతా పొయ్యండి!" అంది. నన్ను డప్పుతో ఎదురు పంపారు, వాళ్ళని గేటు దాకా తోడ్కొని రమ్మని.

సగం దూరం ట్రామ్, సగం పరుగు. డప్పు మోకాళ్ళకి కొట్టుకుంటోంది. స్టేషను దాటి పెద్ద వీధిలోకి తిరిగేసరికి జనం కనిపించారు. ఈ చివరి నుంచి ఆ చివరికి జనం. చప్పుడు మాత్రం లేదు. బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఈల లేదు, డప్పు లేదు, ఒక్క ఎర్రగుడ్డ లేదు. మంచి మంచి కోట్లు, గొడుగులు, చేతిసంచులు. అప్పటికీ నాకు తెలియలేదు. ఎవరైనా చచ్చిపోయారేమో, శవయాత్రేమో అనుకున్నాను. ఒక అట్ట మీద రాసి ఉంది: మాకు పని కావాలి, గేట్లు తెరవండి.

నేను గేటుని.

అప్పుడు గోధుమరంగు కోటు కనిపించింది. తెల్లచొక్కా. కాలరు నిటారుగా నిలబడి ఉంది. నేను పెట్టిన గంజే.

అరవలేదు నేను. తిట్టలేదు. ఏం చేశానో నాకే తెలియదు, చెయ్యి దానంతటది లేచింది. దడ్ దడ్ దడ్ దడాం. నాలుగైదు వరసల వాళ్ళు తిరిగి చూశారు. ఖాళీ వచ్చింది. ఎవరూ అరవలేదు. మళ్ళీ కొట్టాను. దడ్ దడ్ దడ్ దడాం. సవేరియో నన్ను చూశాడు. ఆయన కాలు దరువు మీద పడింది! నేను చూశాను. తర్వాతి అడుగు కూడా దరువు మీదే. ఖాళీ వచ్చినప్పుడు ఆయన నోరు తెరుచుకుంది. అరుస్తాడు, ఇప్పుడు అరుస్తాడు, వరసలోంచి బయటికి వచ్చేస్తాడు అనుకున్నాను.

నోరు మూసుకున్నాడు. తల వంచుకుని నడిచి వెళ్ళిపోయాడు.

ఎవరో పెద్దావిడ నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంటికి వెళ్ళమ్మా" అంది. మర్యాదగానే అంది. అదే ఎక్కువ మండింది.

గేటుకి వచ్చేసరికి పాస్తా ఉడికి ఉడికి జిగురైపోయింది. నా మొహం చూసి ఎవరూ ఏమీ అడగలేదు. నూన్సియా గరిటె పట్టుకుని నిలబడి, "ఇప్పుడు ఇదంతా ఎవరికి వడ్డించను?" అంది.

"నాకు పెట్టు" అన్నాడు బత్తిస్తా. అందరం తిన్నాం.

15 అక్టోబర్

సమ్మె విరమించే ఒప్పందం మీద రోమ్‌లో యూనియన్ పెద్దల సంతకాలు అయిపోయాయట. నూన్సియా ఇంట్లో పడుకున్నాను.

16 అక్టోబర్

గేటు దగ్గర వానలో సభ. ఒప్పందానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. కొన్ని లేచాయి. వద్దనేవాళ్ళు అన్నారు. నా కళ్ళకి అడివిలా లేచాయి. వేదిక మీది నాయకుడు అటూ ఇటూ చూసి "ఆమోదించాం" అన్నాడు. గొడుగులు విసిరారు ఆయన మీద. బత్తిస్తా తన చెయ్యి చాలాసేపు దించలేదు. సభ అయిపోయి, మైకు కట్టేసి, మనుషులు వెళ్ళిపోతున్నా అలాగే ఉన్నాడు. "అన్నా, దించు" అన్నాను. "ఆగమ్మా, లెక్క తప్పిందేమో, మళ్ళీ చూస్తారేమో" అన్నాడు. నా ఏడుపు ఆగలేదు.

గుండిగ తోమి, ఎవరి దగ్గర తెచ్చామో వాళ్ళకి ఇచ్చేశాం. నేల మీద పొయ్యి పెట్టిన చోట నల్లటి మచ్చ మిగిలింది.

19 అక్టోబర్, ఆదివారం

ఇంటికి వెళ్ళాను. ఎక్కడికి వెళ్తాను మరి.

మధ్యాహ్నం. ఆయన బల్ల దగ్గర ఉన్నాడు. డప్పు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఫోర్‌మన్‌గారూ అందామనుకున్నాను, నోరు రాలేదు.

"కాలు పడింది. నేను చూశాను" అన్నాను. "దరువు మీద పడింది నీ కాలు. నోరు కూడా తెరిచావు. ఎందుకు అరవలేదు సవేరియో?"

డప్పు తన వైపు లాక్కున్నాడు.

"నిరుడు జూలైలో నీకు ఆపరేషనైంది, ఆస్పత్రిలో ఉన్నావు. గుర్తుందా?"

"ఇప్పుడు దాని సంగతెందుకు?"

"లోపల ఊరేగింపు వచ్చింది. అంతా కొత్తగా చేరిన కుర్రాళ్ళు. నేనెవరో వాళ్ళకి తెలియదు. నా మెడకి ఎర్రగుడ్డ కట్టి, చేతిలో జెండా పెట్టి, అందరికన్నా ముందు నడిపించారు. వెనక ఎవడో ఆయిల్ డబ్బా కొడుతున్నాడు. ఏ దరువనుకున్నావు?"

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నాదే. ఒక్క దెబ్బ తప్పు పోలేదు, బాగా కొట్టాడు వెధవ. ఖాళీ వచ్చినప్పుడల్లా వీపు మీద ఒకటి పొడిచి 'అరువు ఫోర్‌మన్, అరువు' అన్నారు."

"అరిచావా?"

"అరిచాను. ఆరు షాపులూ తిరిగేదాకా అరిచాను." పిడికి చుట్టిన గుడ్డ సర్దాడు. "మంగళవారం నువ్వు కొట్టేసరికి మళ్ళీ వీపు మీద పొడుస్తారనిపించింది. నోరు దానంతటది తెరుచుకుంది. నడవడం కూడా, నీ మీద కోపంతో కాదు అస్సుంతా. ఒక్కసారి ఎవరూ దరువు కొట్టకుండా నడవాలనిపించింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇంట్లో ఫ్యాక్టరీ మాట వద్దన్నావుగా."

ఇద్దరం అనుకున్నాం కదా అనబోయాను. ఇద్దరం అనుకున్నామా? ఆ రోజు ఆయన కొత్త జీతం గురించి ఏదో చెప్పబోతుంటే నేను చెవులు మూసుకున్నాను. అది గుర్తుంది. ఆయన సరే అన్నది గుర్తులేదు.

గేటు దగ్గర ఆయన నవ్వాడని రాశాను. వెనక్కి తిప్పి చదివాను. పెదవి కదిలింది, అంతే.

20 అక్టోబర్

పొద్దున ఆయన పనికి వెళ్ళాడు. చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. కాలరు ఒక పక్క మడత పడింది. చెప్పలేదు.

పదకొండేళ్ళలో మొదటిసారి సోమవారం పూట ఇంట్లో ఉన్నాను. కుళాయి చప్పుడు ఎంత ఉంటుందో ఇవాళ తెలిసింది.

31 అక్టోబర్

నూన్సియా వాళ్ళ ఊరు వెళ్ళిపోతోంది, వాళ్ళ అక్క కొట్లో సాయానికి. వీడ్కోలుకి నాకు గరిటె ఇచ్చింది. బత్తిస్తా రోజూ పొద్దున్నే లేచి ఐదో గేటు దాకా నడిచి తిరిగి వస్తున్నాడట. లోపలికి పోయేవాళ్ళకి శుభోదయం చెబుతున్నాడట.

సవేరియో ఇంకా నన్ను పిల్లా అనలేదు.

7 నవంబర్

సాయంత్రం ఆయన వచ్చి చేతులు కడుక్కుని కూర్చున్నాడు. సూప్ వడ్డించాను. స్పూన్ ఎత్తాడు, నేను అడిగేశాను.

"ఎలా ఉంది ఫ్యాక్టరీ?"

స్పూన్ దించి నా వైపు చూశాడు. ఎగతాళికి అడుగుతున్నానేమోనని చూస్తున్నాడు. కాదు. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. నా మిషను ఎవరు నడుపుతున్నారో, కిటికీ పక్క గొట్టం ఇంకా కారుతోందో లేదో, అన్నీ.

"మీ మిషన్ల మీద గుడ్డలు కప్పారు" అన్నాడు. "ఆ వరసంతా."

"ఇంకా?"

"లైను వేగం పెంచారు. ఎవరూ ఏమీ అనలేదు. చప్పుడు లేదు పిల్లా. మిషన్ల చప్పుడు తప్ప మనిషి చప్పుడు లేదు." రొట్టె ముక్క తుంచాడు. "మొన్న రంగుల షాపులో నిలబడి, ఆ మొదటి రోజు ఎక్కడి నుంచి బయల్దేరానా అని వెతికాను. ఏ స్తంభం దగ్గరో పోల్చుకోలేకపోయాను. రంగులేసేశారేమో."

"ఎలా మొదలుపెట్టావు ఆ రోజు? నాకెప్పుడూ చెప్పలేదు. నేను కుట్టే చోటికి చప్పుడు చేరాకే విన్నాను."

డప్పు బీరువా మీద ఉంది. ఆయన దాని వైపు చూడలేదు. రెండు వేళ్ళు బల్ల అంచు మీద పెట్టాడు. మెల్లగా, పక్క గది వాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా కొట్టాడు. దడ్ దడ్ దడ్ దడాం.

ఖాళీ వచ్చింది. అలవాటు కొద్దీ ఇద్దరం ఆగాం. నా వెనక నూన్సియా, దాని వెనక కుట్టే ఆడవాళ్ళంతా, ఆ వెనక బత్తిస్తా, కరపత్రాల మేష్టారు, అందరూ ఊపిరి పీల్చుకుంటున్నట్టే ఉంది. ఎవరూ అరవలేదు. సూప్ చల్లారుతోంది. ఆయన వేళ్ళు బల్ల మీదే ఉన్నాయి. ఈసారి వీపు మీద పొడిచేవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంకోసారి కొట్టు" అన్నాను. "ఈసారి నేనరుస్తాను."